పంపిన సొమ్ముకు పేరు: కరీంనగర్ వలసల చరిత్రలో అమానత్ సమస్య

గల్ఫ్ దేశాల్లో పదేళ్లో పదిహేనేళ్లో కష్టపడి ఇంటికి తిరిగివచ్చిన మనిషికి మొదటి వారం బంధువుల రాకపోకలతోనే గడిచిపోతుంది. రెండో వారంలో ఒక రాత్రి భోజనాలయ్యాక అతడు అన్ననో, బావమరిదినో పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడుగుతాడు. "అన్నా, నేను పంపిన పైసలల్ల ఎంత మిగిలిందే?" దానికి వచ్చే జవాబు కూడా దాదాపు అంతటా ఒకటే. "ఏం మిగుల్తయ్‌రా? వీసా అప్పు గట్టిన, చెల్లె పెండ్లి జేసిన, బాపును దవాఖానల జూపిచ్చిన. లెక్క జెప్పుమంటె నేనేమన్న నీ గుమాస్తనా?" ఎల్లంతకుంట మొదలుకొని సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దాకా ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో వినపడని ఊరు ఉండదు.

అన్న అబద్ధమాడుతున్నాడని వెంటనే తీర్పు చెప్పడం తేలిక. కాని ఇటువంటి తగాదాల్లో కూర్చున్న పెద్దమనుషులను అడిగితే, చాలా సందర్భాల్లో ఇద్దరూ నిజమే చెబుతున్నారని వారంటారు. తమ్ముడు దాచమని పంపాననుకున్నాడు. అన్న ఇల్లు నడపమని పంపాడనుకున్నాడు. సొమ్ము ప్రయాణమైన రోజున అది ఏమిటన్నది ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. అది కానుకా, ఇంటి ఖర్చా, దాచమని అప్పగించిన అమానతా, అప్పా, వ్యాపారంలో వాటానా? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఇస్లామీ చరిత్రలో ఈ ప్రశ్న మొదటి శతాబ్దంలోనే తలెత్తింది. దానికి నాటివారు చెప్పిన జవాబులు నేటి కోరుట్ల బజారులో కూడా పనికివచ్చేవే.

ముందుగా మన ప్రాంతపు వలస చరిత్రను కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. దుబాయి అన్న పేరు ఊళ్లలో వినపడక ముందే ఇక్కడివారికి బొంబాయి తెలుసు. సిరిసిల్ల చుట్టుపక్కల పద్మశాలీ కుటుంబాలు బొంబాయి, షోలాపూర్, భివండి మగ్గాలకు తరలిపోవడం నిజాం పాలనలోనే మొదలైంది. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అన్న తెలంగాణ నానుడిలో వరుస కూడా దాదాపు కాలక్రమమే. ఆనాటి నేతగాడికి ఒక చిత్రమైన ఇబ్బంది ఉండేది. అతడు బొంబాయిలో సంపాదించేది బ్రిటిష్ ఇండియా రూపాయి, అంటే మనవాళ్లు పిలిచే కల్దార్. ఇంటి దగ్గర చెలామణీ అయ్యేది చార్మినార్ ముద్ర ఉన్న నిజాం హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు అన్నది స్థూలమైన మారకం. అంటే తాను ఎంత పంపాడో పంపినవాడికి ఒక అంకెలో తెలుసు, ఎంత అందిందో అందుకున్నవాడికి మరో అంకెలో తెలుసు. మారకంలో మధ్యవాడు ఎంత తిన్నాడన్నది ఇద్దరికీ తెలియదు. లెక్క రెండు నాలుకలతో మాట్లాడడం మన వలస కుటుంబాలకు అప్పటినుంచే అలవాటు.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్ రాజ్యాల్లో కట్టడాల పని మొదలైన తర్వాత ఈ ప్రవాహం దారి మళ్లింది. దానికి ఇక్కడి పరిస్థితులు కూడా తోడయ్యాయి. వానలు లేని ఏళ్లు, ఎండిన చెరువులు, దొరలతో భూమి తగాదాలు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల ప్రదర్శన తర్వాత అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కొడుకు ఊళ్లో ఉంటే ఏమవుతాడోనన్న భయంతో అప్పు చేసి విమానమెక్కించిన తల్లిదండ్రులూ ఉన్నారు. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఎటూ తేలకపోయేసరికి అక్కడి దారి కూడా మూసుకుపోయింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పట్టణాల ముస్లిం కుటుంబాలూ, ఎల్లంతకుంట వైపు పల్లెల రైతులు, కూలీలూ ఒకే విమానంలో, ఒకే లేబర్ క్యాంపులో పక్కపక్కన పడుకున్నారు. నేడు ఎల్లంతకుంట రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా అన్నీ కరీంనగర్ జిల్లాయే.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి గుర్తుచేయాలి. గల్ఫ్‌కూ మన రూపాయికీ ఉన్న బంధం చాలా పాతది. కువైత్‌లో 1961 దాకా, బహ్రెయిన్‌లో 1965 దాకా, ఖతర్‌లోనూ దుబాయి మొదలైన ఎమిరేట్లలోనూ 1966 దాకా చెలామణీ అయింది రూపాయే. బంగారం దొంగ రవాణా అరికట్టడానికి 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశాల కోసం వేరే రంగులో గల్ఫ్ రూపాయి నోట్లను ముద్రించింది. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించి డాలరుకు 4.76 నుంచి 7.50కి దించినప్పుడు, చేతిలోని నోటు రాత్రికి రాత్రే తేలికైపోవడం చూసి ఆ రాజ్యాలు రూపాయిని వదిలేశాయి. అంటే మనవాళ్లు పెద్దయెత్తున అక్కడికి చేరే నాటికి ఒకే రూపాయి అన్న సౌకర్యం పోయింది, హాలీ–కల్దార్ తిప్పలు కొత్త పేరుతో తిరిగివచ్చాయి. 1980 ప్రాంతంలో ఒక దిర్హమ్ రెండు రూపాయల పైచిలుకు. 1991 జూలైలో రూపాయి విలువను మరోసారి తగ్గించాక ఏడుకు చేరింది. ఇప్పుడు 22 దాటింది. దిర్హమ్‌ను అక్కడే దాచుకోగలిగినవాడు ఏ తెలివీ ఉపయోగించకుండానే లాభపడి ఉండేవాడు. కాని వీసా కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చినవాడికి దాచుకునే తీరిక ఎక్కడిది? మొదటి రెండేళ్ల జీతం అతనిది కాదు, అప్పిచ్చినవాడిది.

మరొక చరిత్ర కూడా మనవాళ్లు మరచిపోతుంటారు. ఒకప్పుడు హైదరాబాదే ఒక గల్ఫ్. 19వ శతాబ్దంలో యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి అరబ్బులు నిజాం సైన్యంలో కొలువుకు వచ్చేవారు. బార్కస్ బస్తీ వారిదే. ఆ పేరు బ్యారక్స్ అన్న మాటనుంచి వచ్చింది. ఇక్కడి జమాదార్లు జీతాలతోపాటు జాగీర్లూ, వడ్డీవ్యాపారపు ఆదాయమూ కూడబెట్టి సముద్రం దాటించి స్వదేశానికి పంపేవారు. వారిలో ఉమర్ బిన్ అవద్ అల్–ఖుఐతీ అనే జమాదారు పంపిన సొమ్ముతో అతని కొడుకులు హజ్రమౌత్‌లో భూములూ కోటలూ సంపాదించారు. 1867లో షిహ్ర్ రేవును, 1881లో ముకల్లాను పట్టుకుని ఒక రాజ్యాన్నే స్థాపించారు. ఆ ఖుఐతీ సల్తనత్ 1967 దాకా నిలిచింది. వారికి ప్రత్యర్థులైన కసీరీ, అవ్లకీ నాయకులు కూడా హైదరాబాదు జమాదార్లే కావడం విశేషం. పరదేశపు సంపాదన స్వదేశంలో ఎంత పని చేయగలదో దీనివల్ల తెలుస్తుంది. అయితే ఆ కుటుంబ చరిత్రలో మరో పుట కూడా ఉంది. తర్వాతి కాలంలో సుల్తాన్ అవద్‌కూ, అతని సోదరుని కొడుకులకూ వాటాల దగ్గర తగాదా వచ్చి చివరకు బయటివారు మధ్యవర్తిత్వం చేయవలసి వచ్చింది. రాజ్యం సంపాదించగలిగినవారు కూడా సొమ్ములో ఎవరిది ఎంత అన్నది రాసుకోలేకపోయారు.

ఇక సొమ్ము ఏ దారిన వచ్చేది అన్న విషయానికి వద్దాం. తొలి రోజుల్లో మూడు దారులు. బ్యాంకు డ్రాఫ్టు తీసి రిజిస్టర్డ్ కవరులో పంపడం ఒకటి. సెలవుమీద వెళ్లే ఊరివాడి చేతికి నోట్లో, బంగారమో ఇచ్చి పంపడం రెండోది. హుండీ మూడోది. డ్రాఫ్టు చేరడానికి రోజులు పట్టేది, అది మారడానికి మరికొన్ని రోజులు. హుండీలో అక్కడ దిర్హమ్‌లు కడితే ఇక్కడ మనిషి ఇంటికి వచ్చి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లేవాడు. పైగా బ్యాంకుకంటే ఎక్కువ రేటు. 1993లో మారకం రేటు మార్కెట్టుకు వదిలేదాకా ప్రభుత్వపు రేటుకూ బజారు రేటుకూ ఉన్న తేడాయే హుండీకి ప్రాణం. 1973 విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం కింద ఇది నేరం. ఈనాటి చట్టంలోనూ అనుమతి లేదు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ లావాదేవీకి కాగితం ముక్క ఉండదు. పదేళ్ల తర్వాత తగాదా వస్తే, పంపానని చెప్పడానికి పంపినవాడి దగ్గర ఆధారమే ఉండదు.

హవాలా అన్న మాటకు నేడు దొంగ వ్యాపారమన్న అర్థం స్థిరపడిపోయింది. ఫిఖహ్ గ్రంథాల్లో దాని అర్థం వేరు. ఒకరి మీది బాకీని మరొకరి మీదికి బదిలీ చేయడం హవాలా. ఒక ఊళ్లో సొమ్ము కట్టి మరో ఊళ్లో అందుకునే పత్రానికి సుఫ్తజా అని పేరు. హిజ్రీ మొదటి శతాబ్దంలో హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (ర) మక్కాలో ప్రజల దగ్గర వెండి తీసుకుని, ఇరాక్‌లో ఉన్న తన సోదరుడు ముస్అబ్ పేర పత్రం రాసి ఇచ్చేవారనీ, వారు అక్కడ సొమ్ము అందుకునేవారనీ ఫిఖహ్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఈ విషయం హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) దృష్టికి తెస్తే ఆయన తప్పులేదన్నారు. తర్వాతి ఫిఖహ్ పండితుల్లో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. దారిలో దొంగల భయం తప్పడమన్నది అప్పిచ్చినవాడికి కలిగే లాభం కనుక, దాన్ని షరతుగా పెడితే అయిష్టకరమని హనఫీలు అన్నారు. ఇద్దరికీ మేలే కదా, ఎవరికీ నష్టం లేదు కదా అని హంబలీల్లో పలువురు అనుమతించారు. వాదన ఎటు తిరిగినా ఒక సంగతి స్పష్టం. ఆ లావాదేవీని వారు పేరు పెట్టి పిలిచారు. దాన్ని పత్రం మీద రాశారు.

ఊరివాడి చేతికిచ్చి పంపే రెండో దారి గురించి ఇమామ్ మాలిక్ (ర) సంకలనమైన మువత్తాలో ఒక సంఘటన నమోదై ఉంది. హజ్రత్ ఉమర్ (ర) కొడుకులు అబ్దుల్లా, ఉబైదుల్లా సైన్యంతో ఇరాక్ వెళ్లి తిరిగి వస్తున్నారు. బస్రా గవర్నరు హజ్రత్ అబూ మూసా అష్అరీ (ర) మదీనాకు పంపవలసిన ప్రభుత్వ ధనాన్ని వారి చేతికిచ్చారు. దీంతో ఇక్కడ సరుకు కొని అక్కడ అమ్ముకోండి, అసలు ఖలీఫాకు అప్పగించండి, లాభం మీరు ఉంచుకోండి అన్నారు. వారు అలాగే చేశారు. ఈ సంగతి తెలిసి హజ్రత్ ఉమర్ (ర) సైనికులందరికీ ఇలాగే ఇచ్చారా అని అడిగారు. లేదని తెలిశాక అసలూ లాభమూ రెండూ ఖజానాకు కట్టమన్నారు. అబ్దుల్లా మౌనం వహించారు. ఉబైదుల్లా మాత్రం, దారిలో ఆ సొమ్ము పోయి ఉంటే నష్టం మేమే కట్టవలసి వచ్చేది కదా అని వాదించారు. చివరకు సభలో ఒకరి సలహామీద దాన్ని ఖిరాజ్‌గా, అంటే పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది అయిన భాగస్వామ్యంగా లెక్కించి, అసలుతోపాటు సగం లాభం ఖజానాకు తీసుకున్నారు.

ఈ సంఘటనను భాగస్వామ్య వ్యాపారానికి మూలంగా మాత్రమే చదవడం పరిపాటి. మా దృష్టిలో దీని ప్రాముఖ్యం మరొకటి కూడా. ఒకే సొమ్మును ఒకరు అప్పు అన్నారు, మరొకరు అమానత్‌లా చూశారు, మూడో మనిషి భాగస్వామ్యం అన్నాడు. పేరు మారినప్పుడల్లా లాభం ఎవరికి చెందాలన్నది మారింది. జగిత్యాలలో తమ్ముడి సొమ్ముతో అన్న కిరాణా కొట్టు పెట్టి, కొట్టు పెరిగాక ఆ కొట్టు ఎవరిది అన్న ప్రశ్న లేచినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే అక్కడ ఖలీఫా సభ ఉంది, ఇక్కడ కుల పెద్దలో, మసీదు కమిటీయో, కోర్టో ఉంటుంది.

షరీఅత్‌లో అమానత్‌గా అప్పగించిన సొమ్మును వదీఅత్ అంటారు. దాన్ని భద్రంగా కాపాడడం అందుకున్నవాడి బాధ్యత. అతని నిర్లక్ష్యం లేకుండా దొంగలెత్తుకుపోతే నష్టం అతనిది కాదు. కాని అతడు దాన్ని వాడుకోరాదు. అప్పు దీనికి పూర్తిగా భిన్నం. అప్పు తీసుకున్నవాడు వాడుకోవచ్చు, కాని పోయినా కాలినా తిరిగి చెల్లించి తీరాలి. ఈ తేడాను ఆచరణలో చూపినవారు హజ్రత్ జుబైర్ బిన్ అవామ్ (ర). ఆయన నిజాయితీ మీద నమ్మకంతో ప్రజలు తమ సొమ్మును ఆయన దగ్గర దాచడానికి తెచ్చేవారు. ఆయన అమానత్‌గా తీసుకోవడానికి ఒప్పుకునేవారు కాదు. అప్పుగా అయితేనే తీసుకుంటానని చెప్పేవారు. సొమ్ము పోతే దాచుకున్నవాడు నష్టపోకూడదన్నది ఆయన భయం. అప్పు అన్నప్పుడు ఆ సొమ్మును ఉపయోగించే హక్కూ వచ్చింది, తిరిగి ఇచ్చే బాధ్యతా వచ్చింది. రెండూ కలిసే వచ్చాయి. మన ఊళ్లలో అన్నలు తీసుకున్నది మొదటిది మాత్రమే. సొమ్ము వాడుకునేటప్పుడు అప్పు అనుకున్నారు, లెక్క అడిగినప్పుడు ఇంటి ఖర్చు అన్నారు.

ఇందులో తప్పంతా అన్నలదే అనడం న్యాయం కాదు. ప్రభుత్వ నిబంధనలు కూడా సొమ్మును అన్నల చేతుల్లోకే నెట్టాయి. ప్రవాసుల కోసం ఎన్.ఆర్.ఇ. ఖాతాలను 1970లోనే ప్రవేశపెట్టారు. విదేశీ కరెన్సీలోనే దాచుకునే ఎఫ్.సి.ఎన్.ఆర్. ఖాతాలు 1975లో వచ్చాయి. కాని ఎన్.ఆర్.ఇ. ఖాతాలో ఇక్కడ ఉండే భార్యను జంట ఖాతాదారుగా చేర్చుకోవడానికి రిజర్వు బ్యాంకు 2011 దాకా అనుమతించలేదు. మాండేటు కాగితం మీద సంతకం చేసి ఇక్కడివారికి డబ్బు తీసే అధికారం ఇవ్వవచ్చు. కాని ఆ సంగతి వేలిముద్ర వేసే కూలీకి చెప్పినదెవరు? అతనికి తెలిసింది అన్నకో, నాన్నకో ఉన్న మామూలు పాస్‌బుక్కు. ఊళ్లలోని స్త్రీలకు సొంత ఖాతా అన్నది చాలా ఆలస్యంగా వచ్చింది. సంఘాల పుణ్యమా అని కొందరికి, 2014 జన్‌ధన్ పథకంతో మిగిలినవారికి. అంతదాకా మగడు పంపిన సొమ్మును ఆమె బావగారి చేతినుంచి పదులూ ఇరవైలుగా అడిగి తీసుకోవలసి వచ్చింది. ఉత్తరాలు కూడా ఇతరులు చదివి వినిపించేవారు. 1980లలో క్యాసెట్లలో మాటలు నింపి పంపుకునే అలవాటు పెరగడానికి ఇదొక కారణమని మా అభిప్రాయం. ఉత్తరంలో రాయించలేని మాట క్యాసెట్లో చెప్పవచ్చు. అయితే వినే టేపురికార్డరు నట్టింట్లో ఉంటే అదీ దక్కదు.

భూమి విషయానికి వస్తే చిక్కు మరింత ముదిరింది. మన రైతు బిడ్డకు పొదుపు అంటే భూమి. తెలంగాణలో భూమి కొనుగోలు చాలాకాలం సాదా బైనామా మీదనే, అంటే తెల్ల కాగితం మీద నలుగురు సాక్షుల సంతకాలతో నడిచింది. రిజిస్ట్రేషను ఖర్చు మిగిలిందనుకున్నారు గాని పట్టా పాత యజమాని పేరనే ఉండిపోయింది. 1971 పట్టాదారు పాస్‌బుక్కుల చట్టంలో వీటిని క్రమబద్ధం చేసే వీలు ఉండేది. 2020 అక్టోబరు 29న కొత్త చట్టం అమలులోకి రావడంతో ఆ పాత చట్టం రద్దయింది. అప్పటికే తీసుకుంటున్న దరఖాస్తులు దాదాపు 9 లక్షలు చేరి, హైకోర్టు ఉత్తర్వుల వల్ల ఏళ్ల తరబడి అలా నిలిచిపోయాయి. కాగితం రాసుకోవడం ఒక్కటే చాలదని, అది రాజ్యం గుర్తించే కాగితం కావాలని అప్పుడు తెలిసివచ్చింది.

రిజిస్ట్రేషను చేయించుకున్నవారి పరిస్థితి మెరుగేనా? భూమి ఎవరి పేర రిజిస్టరయింది అన్నది అసలు ప్రశ్న. 2000 జూన్‌లో ఫెమా అమలులోకి వచ్చాక విదేశంలో నివసించే భారతీయుడు ఇల్లూ, ఇంటి జాగా కొనవచ్చు గాని వ్యవసాయ భూమి కొనడానికి సాధారణ అనుమతి లేదు. వారసత్వంగా రావచ్చు, కొనరాదు. కనుక పొలం అన్న పేర కొన్నారు. ఇక 1988 బేనామీ చట్టం ఏమంటుంది? ఒకరు డబ్బు పెట్టి మరొకరి పేర ఆస్తి కొంటే, అది నాది అని డబ్బు పెట్టినవాడు కోర్టుకెక్కే హక్కు లేదంటుంది. 2016 సవరణ తోబుట్టువులకు మినహాయింపు ఇచ్చింది గాని, డబ్బు పెట్టినవాడి పేరు కూడా దస్తావేజులో ఉండాలన్నది షరతు. ఒక చట్టం నీ పేర కొనవద్దంటుంది. మరో చట్టం నీ పేరు లేకపోతే నీది కాదంటుంది. ఎల్లంతకుంట మనిషి ఈ రెండింటి మధ్య పడిపోయాడు. భార్య పేర, పిల్లల పేర, లెక్క చూపగల సొమ్ముతో కొంటే మాత్రం ఈ చట్టం అడ్డు రాదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎన్ని కుటుంబాలు నిలిచేవో!

బేనామీ చట్టంలో మరో చిన్న కిటికీ ఉంది. నమ్మకపు బాధ్యతలో ఉన్న మనిషి, అంటే ధర్మకర్త వంటివాడు, మరొకరి మేలు కోసం తన పేర పెట్టుకున్న ఆస్తికి ఈ నిషేధం వర్తించదు. తోబుట్టువులు తలా కొంత వేసుకుని ఒక్కరి పేర ఇల్లు కొన్న ఒక వ్యాజ్యంలో 2012లో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును వర్తింపజేసి మిగిలినవారి వాటాను నిలబెట్టింది. ఆధునిక న్యాయస్థానం ఇంగ్లీషులో చెప్పిన ఆ మాటకు మన భాషలో పేరు అమానత్. కాని దాన్ని రుజువు చేయడానికి సొమ్ము ఇచ్చిన ఆధారాలు కావాలి. బ్యాంకు ద్వారా పంపినవాడికి అవి దొరుకుతాయి. హుండీలో పంపినవాడికి దొరకవు. అప్పు లావాదేవీలు రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ ఆదేశించే ఆయతు దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. అందులో అన్నదమ్ములకు మినహాయింపు లేదు. "అన్న దగ్గర కాగితం రాయించుకుంటమా?" అనడం మన మర్యాద, ధర్మం కాదు.

వడ్డీ సమస్య ముస్లిం కుటుంబాలకు ప్రత్యేకం. ఖాతాలో పడే వడ్డీని ముట్టరాదని కొందరు సొమ్మును ఇంట్లోనే ఉంచారు, కొందరు వడ్డీని తీసి పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేశారు. నిజానికి ఈ విషయమై హైదరాబాదుకు మంచి వారసత్వమే ఉంది. 20వ శతాబ్దం తొలి భాగంలోనే అక్కడ వడ్డీలేని రుణ సంఘాలు పనిచేశాయి. వాటి చరిత్రను డా. ముహమ్మద్ హమీదుల్లా ప్రపంచానికి తెలియజేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలో వడ్డీ సిద్ధాంతం మీద ప్రత్యేకంగా గ్రంథమే రాశారు. కాని ఆ సంఘాలు చిన్న మొత్తాలకే పరిమితమయ్యాయి. ఆ ఖాళీలోకి హలాల్ లాభం అన్న బోర్డులతో మరికొందరు వచ్చారు. దీనికి పెద్ద ఉదాహరణ ఈజిప్టు. 1980లలో గల్ఫ్‌లో పనిచేసే ఈజిప్టు వాసుల సొమ్మును అల్–రయ్యాన్ వంటి కంపెనీలు వడ్డీ లేదంటూనే ఏడాదికి 20 నుంచి 24 శాతం లాభం పేర సేకరించాయి. 1988లో ప్రభుత్వం చట్టం చేసి లెక్కలు తీసేసరికి అవి కూలిపోయాయి. మదుపుదారులు ఏళ్లకొద్దీ ఎదురుచూశారు. ముజారబత్‌లో లాభం ముందే నిర్ణయం కాదు. నష్టమూ రావచ్చు. ప్రతి నెలా తప్పకుండా ఇంత అని రాసిచ్చాడంటే అది ముజారబత్ కాదు. ఆ మాట అడగడానికి ఆలిమ్ కానక్కరలేదు.

అయితే ఇంటికి పంపకుండా అక్కడే దాచుకోవడం క్షేమమా అంటే, 1990 ఆగస్టు 2 దానికి జవాబిచ్చింది. ఇరాక్ సైన్యం కువైత్‌ను ఆక్రమించింది. బ్యాంకులు మూతపడ్డాయి, దినారు విలువ పోయింది, యజమానులు పారిపోయారు. దాదాపు 1 లక్షా 70 వేల మంది భారతీయులను ప్రధానంగా అమ్మాన్ మీదుగా విమానాల్లో తరలించారు. చేతిసంచీతో తిరిగివచ్చినవారిలో మన జిల్లావారూ ఉన్నారు. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘం ఏర్పడి, దేశం విడిచి రావలసి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, ఇతర తరగతుల్లో దరఖాస్తు చేయనివారికి 4,000 డాలర్లు నిర్ణయించింది. అక్కడ పోగొట్టుకున్న సొమ్ముకు పరిహారం అడగాలంటే రసీదులూ, కాగితాలూ కావలసి వచ్చాయి.

మరణం సంభవించినప్పుడు ఈ ప్రశ్న అన్నిటికంటే కఠినంగా ఎదురవుతుంది. శవపేటిక శంషాబాదు విమానాశ్రయంలో దిగిన రోజునుంచే పాస్‌బుక్కుల మాట మొదలవుతుంది. ఖాతాలోనో, బీమాలోనో నామినీగా అన్న పేరు ఉంటే సొమ్ము తనదేనని అతడు అనుకుంటాడు. బీమా విషయంలో నామినీ అన్నవాడు సొమ్ము అందుకుని వారసులకు అప్పగించవలసినవాడే తప్ప యజమాని కాడని సుప్రీంకోర్టు 1983 డిసెంబరులోనే తీర్పు చెప్పింది. షరీఅత్ ప్రకారమూ అంతే. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వీలునామా, చివరకు వారసుల వాటాలు. భార్య వాటా, కూతుళ్ల వాటా ఖుర్ఆన్‌లో నిర్ణయమై ఉన్నాయి. వాటిని ఎగ్గొట్టే హక్కు ఏ పెద్దమనిషికీ లేదు.

హజ్రత్ జుబైర్ (ర) హిజ్రీ 36లో, అంటే క్రీ.శ. 656లో జమల్ యుద్ధం రోజున హతులయ్యారు. ఆ ఉదయమే కొడుకు అబ్దుల్లాను పిలిచి తన అప్పుల గురించి చెప్పారు. ఆస్తి అమ్మి తీర్చమన్నారు. లెక్క చూస్తే బాకీ 22 లక్షలు తేలింది. ఆయన దగ్గర నగదు లేదు, ఉన్నది భూములూ ఇళ్లూ. ఒకప్పుడు 1 లక్షా 70 వేలకు కొన్న గాబా భూమిని అబ్దుల్లా 16 లక్షలకు అమ్మి అప్పులు తీర్చారు. ఇక పంచమని వారసులు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. తండ్రి దగ్గర సొమ్ము ఉంచినవారు ఎవరైనా దూరదేశంలో ఉండి ఉంటారని, వరుసగా నాలుగు సంవత్సరాలు హజ్ సమయంలో జనం మధ్య నిలబడి జుబైర్ దగ్గర బాకీ ఉన్నవారు వచ్చి తీసుకోవాలని చాటించారు. ఐదో ఏడు మిగిలింది పంచారు. నలుగురు భార్యల్లో ఒక్కొక్కరికి 12 లక్షలు వచ్చాయి.